పసుపు లైటు దొంగ

అమీర్‌పేట చౌరస్తాలో పట్టపగలు దొంగతనం జరిగింది. చూసినవాళ్లు వందల మంది. ఆపినవాళ్లు ఒక్కరూ లేరు.

2006, జూలై. శనివారం. ఉదయం పదకొండు కావస్తోంది.

ఎస్సై రుద్రమ్మ జీపు దిగేసరికి సిగ్నల్ లైట్లన్నీ ఆరిపోయి ఉన్నాయి. ఒక ట్రాఫిక్ కానిస్టేబుల్ రోడ్డు మధ్య నిలబడి ఈల ఊదుతూ బస్సుల్నీ ఆటోల్నీ చేతులతోనే ఆపుతున్నాడు, వదులుతున్నాడు. ఫుట్‌పాత్ మీద ఫైళ్లు పట్టుకున్న కుర్రాళ్లు గుంపులు గుంపులుగా నడుస్తున్నారు. పై అంతస్తుల నిండా జావా, ఒరాకిల్ కోర్సుల బోర్డులు. ఎవరి క్లాసుకు వాళ్లు ఆలస్యమైపోతున్నారు. ఇక్కడ ఒక నేరం జరిగిందన్న ధ్యాస ఎవరికీ లేదు.

స్తంభం పైన కెమెరా క్షేమంగా ఉంది. మూడు నెలలుగా ఎర్రలైటు దాటిన ప్రతి బండినీ ఫోటో తీసి, ఇంటికి చలానా పంపిస్తున్న కెమెరా అది.

స్తంభం మొదట్లో నడుమెత్తు ఇనుప బీరువా. తలుపు బార్లా తెరిచి ఉంది. తాళం రంపంతో కోసి పక్కన పెట్టారు. లోపల ఖాళీ.

"ఏం పోయింది పెంటయ్యా?"

"కంట్రోలర్ డబ్బా మేడమ్," అన్నాడు హెడ్ కానిస్టేబుల్ పెంటయ్య. "లైట్లు ఎప్పుడు మారాలె, కెమెరా ఎప్పుడు కొట్టాలె, అంత గదే చెప్తది. గది లేకుంటే పైనున్న కెమెరా గుడ్డిదే." కాస్త ఆగి గొంతు తగ్గించాడు. "పోతే పోయింది. పైసలు గుంజుడు తప్ప దాంతోని ఏమున్నది?"

"అది పెట్టినంక ఈ చౌరస్తాల సచ్చేటోళ్లు తగ్గిన్రా, లేదా?"

"తగ్గిన్రు. కాదంటలేను. కానీ..."

"కానీ గీనీ తర్వాత. చూసినోళ్లెవరు?"

బీరువాకు నాలుగడుగుల దూరంలో రాజమ్మ ఇడ్లీ బండి. ఆమె చట్నీ గిన్నె మీద మూత పెట్టి చేతులు తుడుచుకుంది.

"కంపెనీ మనిషనే అనుకున్న మేడమ్. మెరిసే నారింజ కోటు, నెత్తికి హెల్మెటు, ముక్కు మీద గుడ్డ. పొట్టి మనిషి. ఒక్క మాట మాట్లాడలే."

"వచ్చి ఏం చేసిండు?"

"ముందుగాల చుట్టు ఎర్ర ప్లాస్టిక్ టోపీలు పెట్టిండు, రోడ్డు పని కాడ పెడ్తరు చూడుండ్రి, గవి. నిమ్మళంగ పని చేసుకున్నడు. పోరలు దగ్గరికొస్తే చెయ్యి ఊపి దూరం పొమ్మన్నడు."

"పోయేటప్పుడు?"

"డబ్బాను సంచిల ఏస్కోని ఆటో ఎక్కిండు."

"ఆటో నంబరు?"

"ఇడ్లీలు చూసుకోనా, నంబర్లు చూసుకోనా?"

రుద్రమ్మ బీరువా ముందు వంగి కూర్చుంది. లోపల తెగిన వైర్లు నాలుగు వేలాడుతున్నాయి. ప్రతి వైరు కొసకూ నల్లటి ఇన్సులేషన్ టేపు. ఒకటికి రెండు చుట్లు చుట్టి, చివర నొక్కి అంటించారు. ఆమె చెయ్యి చాచింది.

"ముట్టుకోకండి! పవర్ ఉంది!"

వెనక తెల్ల వ్యాను ఆగింది. టై కట్టుకున్న మనిషి పరుగెత్తుకొచ్చాడు. రవికాంత్. సిగ్నళ్లనూ కెమెరానూ నడిపే విజిలైన్ కంపెనీకి సైట్ మేనేజరు. చలానా వసూలైన ప్రతి ఫోటోకూ ఆ కంపెనీకి వాటా ఉంది.

"ఫ్యూజు బోర్డు ఆ గోడ మీద ఉంది మేడమ్. దాని తాళం మా స్టాఫ్ దగ్గర తప్ప ఎవరి దగ్గరా ఉండదు. అది ఆపందే ఈ వైర్లు ముట్టుకుంటే ప్రాణం పోతుంది." చెమట తుడుచుకున్నాడు. "దొంగ ఎవరో మీకు తెలుసుగా?"

"తెలవదు. చెప్పండి."

"హనుమాండ్లు. ఆటో డ్రైవరు. పోయిన నెల పబ్లిక్ మీటింగులో మైకు పట్టుకుని, ఈ కెమెరాను పీకి పారేస్తానన్నాడు. అందరూ విన్నారు. పేపర్లో కూడా వచ్చింది. మా పెట్టె మాకు ఇప్పించండి చాలు. సీల్ తియ్యకుండా, ఉన్నది ఉన్నట్టుగా."

రుద్రమ్మ వ్యానులోకి చూసింది. వెనక సీటులో అట్టపెట్టె. అందులో సరిగ్గా అలాంటిదే కొత్త కంట్రోలరు.

"ఇదేంటిది? పోయి గంట కాలేదు, అప్పుడే కొత్తది తెచ్చిన్రు?"

రవికాంత్ ఒక్క క్షణం తడబడ్డాడు. "సోమవారం ఎలాగూ మారుద్దామనుకున్నాం. అప్‌గ్రేడ్."

"పాతదాన్ని ఏం చేస్తుంటిరి?"

"ఫ్యాక్టరీకి పంపించి చెరిపేస్తాం. అంటే, రీసెట్ చేస్తాం. రొటీన్."

రుద్రమ్మ తలూపింది. రోడ్డు మధ్యలోని ట్రాఫిక్ కానిస్టేబుల్‌ను పిలిచింది.

"నువ్వెప్పుడొచ్చినవ్?"

"సిగ్నల్ బందయ్యే ముందే మేడమ్. అమీర్‌పేట సిగ్నల్ ఆపుతున్నరు, మనిషిని పంపమని కంపెనీ నుంచి ఫోనొచ్చిందట. కంట్రోల్ రూమోళ్లు నన్ను తోలిన్రు."

రవికాంత్ అప్పటికే ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతూ వ్యాను వైపు వెళ్లిపోయాడు.

*

మధ్యాహ్నానికల్లా హనుమాండ్లు దొరికాడు. దొరకడం ఏముంది, పంజాగుట్ట ఆటో స్టాండులో కూర్చుని ఛాయ్ తాగుతున్నాడు. పోలీసులొస్తే లేచి నిలబడి, ఛాయ్ మొత్తం తాగి, గ్లాసు పక్కన పెట్టి జీపెక్కాడు.

నలభై ఏళ్ల మనిషి. కుడి మోచేతికి ఇంకా మానని గాయం. స్టేషన్లో బల్ల మీద నిటారుగా కూర్చున్నాడు.

"డబ్బా ఏడ పెట్టినవ్?" అంది రుద్రమ్మ.

"ఏ డబ్బా?"

"కెమెరా డబ్బా. పీకి పారేస్త అన్నవంట."

"అన్న. ఇప్పుడు సుత అంట. నేను పీకాలనుకుంటే పైనున్న కండ్లను పీకుత. కింద డబ్బాతోని నాకేం పని?"

"పొద్దుగాల పదిన్నరకు ఏడున్నవ్?"

"చెప్ప."

"ఎందుకు చెప్పవ్?"

"నేను దొంగను కాను. దొంగను కానోన్ని యాడికి పోయినవ్, ఏం జేసినవ్ అని అడిగే హక్కు ఎవ్వరికి లేదు."

పెంటయ్య కోపంగా ముందుకొచ్చాడు. రుద్రమ్మ చేత్తోనే ఆపింది.

"నీ మీద ఇంకో కేసున్నది. ఇరవై రోజుల కింద గా చౌరస్తాలనే సడన్ బ్రేకు కొట్టినవ్. ఎనకనుంచి వ్యాను గుద్దింది. నీ ఆటోల ఉన్న పిల్లకు కాలు ఇరిగింది."

హనుమాండ్లు మొహంలోని పంతం మొదటిసారి సడలింది.

"ఏమని బ్రేకు కొట్టిన? పచ్చ ఉండంగ పోయిన మేడమ్. గీత దగ్గరికి రాంగనే పసుపు పడ్డది. పడ్డది పడ్డట్టే ఎర్ర అయ్యింది. ముందుకు పోతే కెమెరా కొడ్తది. అంతకుముందే మూడు ఫోటోలు కొట్టింది నన్ను. భయానికి తొక్కిన బ్రేకు. పసుపు అట్ల ఆరిపోతే మనిషేం జేస్తడు? కోర్టుల చెప్పిన, స్టేషన్ల చెప్పిన. నవ్విన్రు. ఆటోవోని మాట ఎవడు ఇంటడు?"

"నేను ఇంటున్న. పొద్దుగాల ఏడున్నవ్?"

"చెప్ప."

అంతకు మించి ఒక్క ముక్క రాలేదు.

ఇన్‌స్పెక్టర్ కృష్ణమోహన్ గదిలోకి పిలిచాడు. చెడ్డవాడు కాదు. కానీ రిటైర్మెంటు దగ్గరపడ్డ మనిషి. గొడవ లేకుండా రోజు గడిస్తే చాలనుకుంటాడు.

"రుద్రమ్మా, పై నుంచి రెండు ఫోన్లొచ్చాయి. వాడేగా దొంగ? రాసెయ్. పెట్టె దొరికితే కంపెనీకి ఇచ్చేసి సంతకం తీసుకో. సోమవారానికి సిగ్నల్ వెలగాలి."

"వాడని నాకింకా తెలవదు సార్."

"ఇంకేం తెలియాలి? అందరి ముందూ అన్నాడు కదా."

"అన్నోడు చేస్తడని లేదు. ఒక్క రోజు టైమియ్యండి."

"రేపు ఉదయం. అంతే."

*

ఆ కెమెరా అమీర్‌పేటకు రావడానికి కారణం ఒక మనిషి. కుసుమకుమారి. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ లెక్చరరు. ఆమె ఒక్కగానొక్క కొడుకు కేదార్ మూడేళ్ల కిందట ఆ చౌరస్తాలోనే పోయాడు. ఎర్రలైటు దాటి దూసుకొచ్చిన లారీ అతని స్కూటరును ఈడ్చుకుపోయింది. ఆ తర్వాత ఆమె ఎక్కని ఆఫీసు మెట్లు లేవు. కెమెరా పెట్టేదాకా వదల్లేదు. పోయిన నెల మీటింగులో హనుమాండ్లుకూ ఆమెకూ మైకు దగ్గరే మాటా మాటా పెరిగింది. "నీలాంటివాడి వల్లే నా కొడుకు పోయాడు," అని అందరి ముందూ వేలు చూపించి అంది.

ధరమ్ కరమ్ రోడ్డులో రెండో అంతస్తు ఫ్లాటు. రుద్రమ్మ వెళ్లేసరికి ఆమె పరీక్ష పేపర్లు దిద్దుకుంటోంది. అయిదడుగులు కూడా ఉండదు. చేనేత చీర, కళ్లద్దాలు.

"కూర్చోండి ఎస్సై గారూ. కాఫీ తీసుకుంటారా?"

డైనింగ్ టేబుల్ మీద సగం దాకా పూల గుడ్డ కప్పిన సామాను ఏదో ఉంది. మిగతా సగంలో రుద్రమ్మకు కాఫీ పెట్టింది.

"మీరు పెట్టించిన కెమెరా పోయింది. కోపం లేదా మేడమ్?"

"కెమెరా పోలేదుగా. పైనే ఉందట."

"హనుమాండ్లు మీద అనుమానం ఉన్నదా మీకు?"

"అతనా?" కుసుమకుమారి కళ్లద్దాలు తీసి తుడిచింది. "అతనికి నోరు పెద్దది. అతను కాదు."

"ఎట్ల చెప్తున్నరు?"

"మనుషుల్ని చూస్తే తెలుస్తుంది. నాకూ ఆలస్యంగానే తెలిసిందనుకోండి." కళ్లద్దాలు పెట్టుకుంది. "నాదొక సందేహం. దొరికిన దొంగ సొత్తును మీరేం చేస్తారు?"

"పంచనామా చేసి, సీల్ వేసి, కోర్టుల జమ చేస్తం."

"యజమాని వచ్చి నాది నాకిచ్చేయండి అంటే?"

"కేసున్నంక కోర్టు ఆర్డరు లేంది ఇయ్యం."

"ఎవరు ఫోన్ చేసి చెప్పినా?"

రుద్రమ్మ ఆమె వైపు తేరిపార చూసింది. "రూలైతే అదే మేడమ్."

"రూలు పాటించే మనుషులు ఉండాలి కదా," అంది కుసుమకుమారి. "కాఫీ చల్లారిపోతోంది."

*

సాయంత్రం రుద్రమ్మ ఆసుపత్రికి వెళ్లింది. హనుమాండ్లు ఆటోలో కాలు విరిగిన దివ్యశ్రీ ఇంకా అక్కడే ఉంది. ఖమ్మం నుంచి వచ్చి హాస్టల్లో ఉంటూ కంప్యూటర్ కోర్సు చేస్తున్న పిల్ల. కాలికి తొడ దాకా కట్టు. పక్కన పుస్తకాలు.

"ఆ రోజు ఏం జరిగింది బిడ్డా?"

"పచ్చ ఉండగానే వచ్చాం మేడమ్. పసుపు చూశాను. అన్న బ్రేక్ వేశాడు. తలెత్తేసరికి ఎర్ర. ఆ తర్వాత గుర్తులేదు."

"అన్న అంటున్నవ్. కోపం లేదా ఆయన మీద?"

దివ్యశ్రీ తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "ఆయన రోజూ పొద్దున వస్తాడు మేడమ్. నాన్న టిఫినుకు పోయినప్పుడు. పండ్లు పెట్టి, కాసేపు కూర్చుని పోతాడు. నాన్నకు తెలిస్తే కొడతాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు."

"ఈ పొద్దు సుత వచ్చిండా?"

"వచ్చాడు. పదింటి నుంచి పదకొండు దాకా ఉన్నాడు. ఇవాళ డాక్టరు కట్టు మార్చారు. ఏడుస్తుంటే చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు."

నర్సును అడిగితే ఆమె కూడా అదే చెప్పింది.

రుద్రమ్మ లేవబోయి ఆగింది. "ఇంకెవరన్న వచ్చి అడిగిన్రా, ఆ రోజు సంగతి?"

"ఒక మేడమ్ వచ్చారు, వారం కిందట. పొట్టిగా ఉంటారు, కళ్లద్దాలు. పేరు చెప్పలేదు. ఒకే ఒక్కటి అడిగారు. బ్రేక్ వేసినప్పుడు పసుపా, ఎర్రా అని. చెప్పాను. ఆమె ఏడ్చారు మేడమ్. నాకు అర్థం కాలేదు."

బయటికొచ్చి రుద్రమ్మ రెండు ఫోన్లు చేసింది.

మొదటిది రవికాంత్‌కు. "సిగ్నల్ ఆపుతున్నమని పొద్దుగాల మీ ఆఫీసునుంచి కంట్రోల్ రూముకు చెప్పిన్రా?"

"లేదే. ఎవరు చెప్పారు?"

రెండోది కంట్రోల్ రూముకు.

"కాయిన్ బాక్సునుంచి వచ్చింది మేడమ్," అన్నాడు అవతలి మనిషి. "ఆడగొంతు. మనిషి వచ్చేదాకా సిగ్నల్ ఆపం, త్వరగా పంపండి అని రెండుసార్లు చెప్పింది. రిసెప్షనిస్టు అనుకున్నా."

రుద్రమ్మ ఫోన్ జేబులో పెట్టుకుంది. పంజాగుట్ట వైపు బండ్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ పోతున్నాయి. ఆమెకు దొంగ తెలిసిపోయింది. సంతోషం మాత్రం కలగలేదు.

*

ఆదివారం ఉదయం. ఇన్‌స్పెక్టర్ గది.

కృష్ణమోహన్ కుర్చీలో కూర్చున్నాడు. ఎదురుగా రవికాంత్. ఓ పక్క కుసుమకుమారి. తలుపు దగ్గర పెంటయ్య, అతని పక్కన రాత్రంతా స్టేషన్లోనే ఉన్న హనుమాండ్లు. టీచరమ్మను చూసి అతను మొహం తిప్పుకున్నాడు.

"వీణ్ని రిమాండ్ చెయ్యకుండా మమ్మల్నెందుకు పిలిచారు?" అన్నాడు రవికాంత్.

"ఆయన కాదు కాబట్టి," అంది రుద్రమ్మ. "ఆ టైముకు ఆయన వేరే చోట ఉన్నడు. నర్సు సాక్ష్యం ఉన్నది. ఏడ ఉన్నడో ఈడ చెప్పను. ఆయన చెప్పొద్దనుకున్నడు."

హనుమాండ్లు చటుక్కున తలెత్తి ఆమెను చూశాడు.

"నిన్న చౌరస్తాల మేమందరం ఒకటి చూసినం, పట్టించుకోలే. టేపు. తెగిన వైర్లకు ఒక్కోదానికి టేపు చుట్టి ఉన్నది. పోలీసుల భయంతోని పారిపోయే దొంగ, ఆగి వైర్లకు టేపెందుకు చుడ్తడు?"



"పక్కనే ఇడ్లీ బండి ఉన్నది. కాలేజీ పిల్లలు తిరుగుతరు. వాన పడ్తే నీళ్లు నిలుస్తయి. ఎవరికన్న కరెంటు కొడ్తదని చుట్టిండ్రు. ముందుగాల ఎర్ర కోన్లు పెట్టిండ్రు. దానికన్న ముందు కంట్రోల్ రూముకు ఫోన్ చేసి, ట్రాఫిక్ మనిషి వచ్చేదాకా సిగ్నల్ ఆపలే. డబ్బా ఎత్తుకపోయేటప్పుడు సుత ఆ చౌరస్తాల ఒక్కరికి దెబ్బ తగలొద్దనుకున్న దొంగ."

"మా స్టాఫే చేశారంటారా?" అన్నాడు రవికాంత్.

"మొదట అనుకున్న. కొత్త డబ్బా చేతుల పట్టుకోని వచ్చిన్రు కాబట్టి. కానీ మీ స్టాఫైతే ఫ్యూజు తాళం తీసి, పవర్ ఆపి, నిమ్మళంగ చేస్తరు. ఈ దొంగకు ఆ తాళం లేదు. నడిచే కరెంటు మీద పని చేసిండ్రు. కరెంటు తెలిసిన మనిషి. పొట్టి మనిషి. ఫోన్ల ఆడగొంతు." రుద్రమ్మ పక్కకు తిరిగింది. "ఏ కొడుకూ ఆ చౌరస్తాల పోవద్దనుకునే మనిషి. మేడమ్, దొరికిన సొత్తును ఏం చేస్తరని మీరొక్కరే అడిగిన్రు నన్ను. దొంగ ఎవరని మాత్రం అడగలే."

కుసుమకుమారి చేతిసంచి ఒళ్లో సర్దుకుంది.

"పెట్టె మా డైనింగ్ టేబుల్ మీద ఉంది. పూల గుడ్డ కింద. నిన్న మీరు కాఫీ తాగింది దాని పక్కనే."

పెంటయ్య నోరు తెరుచుకుంది. కృష్ణమోహన్ కుర్చీలో ముందుకు జరిగాడు. "మీరా? కెమెరా కోసం అన్నేళ్లు తిరిగిన మీరా?"

"నేనే. కెమెరా మంచి పనే చేసింది సార్. మొదటి రెండు నెలలు జనం ఆగడం నేర్చుకున్నారు. చలానాలు నెలనెలా తగ్గాయి. ఆ లెక్కలు ఈ రవికాంత్ గారే తెచ్చి చూపించేవారు. ఆ కాగితాలు కేదార్ ఫోటో దగ్గర పెట్టుకున్నాను. మూడో నెల అవే చలానాలు ఒక్కసారిగా రెట్టింపయ్యాయి. ఊళ్లో జనమంతా ఒక్కరోజులో చెడిపోతారా? వెళ్లి ఆ బస్టాపులో కూర్చున్నాను. చూశాను. పసుపు ఇలా పడుతోంది, అలా పోతోంది. ఆగుదామన్నా వ్యవధి లేదు. జనం ఆగడం మొదలుపెట్టాక వీళ్ల వాటా పడిపోయింది. అందుకని పసుపును కోసేశారు."

"అబద్ధం!" రవికాంత్ లేచాడు. "అన్నీ నిబంధనల ప్రకారమే ఉన్నాయి."

"మూడు అర్జీలు పెట్టాను. అదే జవాబు. ఆ పిల్లను ఆసుపత్రిలో చూశాక ఇంకోసారి వెళ్లి గట్టిగా అడిగాను. సోమవారం పెట్టె మార్చేస్తామన్నారు. పాతది చెరిపేస్తామన్నారు. ఇక నాకు దారేముంది? అర్జీ పెడితే చెత్తబుట్టలో పడుతుంది. దొంగతనం చేస్తే కేసవుతుంది. కేసైతే పెట్టె కోర్టుకు పోతుంది. లోపల బ్యాటరీ ఉంది, టైము ఎప్పుడు, ఏ పాస్‌వర్డుతో మార్చారో అంతా దానికి జ్ఞాపకమే. మూత తియ్యలేదు. వీళ్ల సీలు వీళ్లదే ఉంది. నేను ముట్టుకుంటే నేనే మార్చానంటారు." ఆమె రెండు చేతులూ ముందుకు చాపింది. "అరెస్టు చెయ్యండి. కానీ రాసేటప్పుడు ఉన్నదున్నట్టు రాయండి."

తలుపు దగ్గర హనుమాండ్లు గోడకు ఆనుకున్నాడు. "అంటే నేను చెప్పింది..." అని మధ్యలో ఆగిపోయాడు.

"నిజం," అంది కుసుమకుమారి, అతని వైపు తిరిగి. "మీటింగులో నీకు వేలు చూపించాను. ఆ వేలు చూపించాల్సింది నీకు కాదు."

రవికాంత్ అప్పటికే కృష్ణమోహన్ బల్ల మీదకు వంగాడు.

"సార్, పెట్టె దొరికింది. చాలు. పెద్దావిడ, కొడుకు పోయిన బాధలో ఏదో చేశారు. కంప్లయింట్ వాపసు తీసుకుంటాను. పెట్టె ఇప్పించెయ్యండి."

ఫోన్ మోగింది. కృష్ణమోహన్ తీశాడు. "ఎస్ సర్... ఎస్ సర్..." అని నాలుగుసార్లు అని పెట్టేశాడు. జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

"రుద్రమ్మా. ఈ ఒక్కసారికి పోనీ. ఆమెకూ మంచిదే. కేసుండదు, కోర్టుండదు. ఉద్యోగం ఉంటుంది."

"కేసు నిన్ననే రాసిన సార్. ఎఫ్ఐఆర్ కోర్టుకు పోయింది. వాపసు తీసుకునేదుంటే జడ్జి ముందల చెప్పుకొమ్మనండి."

"పైవాళ్లకు నేనేం చెప్పాలి?"

"ఎస్సై ఇంటలేదని చెప్పండి." రుద్రమ్మ టోపీ పెట్టుకుంది. "కాదు, డబ్బా ఇచ్చెయ్యాల్సిందే అంటే కాగితం మీద రాసి సంతకం పెట్టియ్యండి సార్. దాన్ని సుత కేసుల జత చేస్త."

కృష్ణమోహన్ ఆమె వైపు చూశాడు. కుసుమకుమారి వైపు చూశాడు. ఆమె చేతులు ఇంకా చాపే ఉన్నాయి.

"నాకూ ఒక కూతురుంది," అన్నాడు మెల్లగా. "రోజూ ఆ చౌరస్తా మీదుగానే కాలేజీకి పోతుంది." తర్వాత గొంతు సవరించుకున్నాడు. "పెంటయ్యా! పంచనామాకు సాక్షులను పిలువు. ధరమ్ కరమ్ రోడ్డుకు నేనూ వస్తున్నాను. మిస్టర్ రవికాంత్, మీరు కదలొద్దు."

పూల గుడ్డ తీశారు. పెట్టె ఉంది. కంపెనీ సీలు చెక్కుచెదరలేదు. లక్క కరిగించి దాని మీద ఇంకో సీలు వేశారు. కుసుమకుమారి తన నేరం రాసిన కాగితాన్ని తనే చదువుకుని, రెండు అక్షరదోషాలు దిద్ది, సంతకం పెట్టింది.

వారం తిరక్కుండా రుద్రమ్మకు బదిలీ కాగితం వచ్చింది. శివార్లలో ఏదో గిడ్డంగి కాపలా. ఆమె ఎవరినీ బతిమాలలేదు. పోయేముందు ఛార్జిషీటు పూర్తి చేసి, తన చేతులతో కోర్టులో ఇచ్చి పోయింది.

*

పెట్టెను నిపుణులు కోర్టు ముందే తెరిచారు. కుసుమకుమారి చెప్పిందే తేలింది. ఒప్పందంలో రాసినదాంట్లో సగం సేపే వెలుగుతోంది పసుపు. మార్చింది రవికాంత్ పాస్‌వర్డుతో. అతని మీద, అతని పైవాళ్ల మీద వేరే కేసు పడింది. పసుపు కోసిన నాటి నుంచి వేసిన చలానాలు కొట్టేశారు. హనుమాండ్లు మీది యాక్సిడెంటు కేసు నిలవలేదు. దివ్యశ్రీ తండ్రి సాక్ష్యానికొచ్చి, వరండాలో హనుమాండ్లు భుజం మీద చెయ్యి వేసి వెళ్లిపోయాడు.

మిగిలింది దొంగతనం కేసు.

తీర్పు రోజు రుద్రమ్మ సెలవు పెట్టి నాంపల్లి కోర్టుకు వచ్చింది. బోనులో కుసుమకుమారి తల సగమే కనిపిస్తోంది.

"నేరం ఒప్పుకుంటున్నారా?" అన్నాడు మెజిస్ట్రేటు.

"ఒప్పుకుంటున్నాను."

"చేసినందుకు విచారిస్తున్నారా?"

లాయరు అవునన్నట్టు తలూపమని సైగ చేశాడు. ఆమె అతని వైపు చూడనేలేదు.

"లేదండీ. అవసరమైతే మళ్లీ చేస్తాను."

కోర్టు హాల్లో గుసగుసలు. మెజిస్ట్రేటు కలం కింద పెట్టి కాసేపు ఆమెనే చూశాడు. నేరం రుజువైందన్నాడు. మొదటి నేరం కాబట్టి మందలించి వదిలేస్తున్నానన్నాడు. మందలింపు రెండు వాక్యాల్లో ముగిసింది. చదువుతున్నప్పుడు ఆయన తల ఎత్తలేదు.

బయట మెట్ల దగ్గర హనుమాండ్లు ఆటో ఆపుకుని నిలబడ్డాడు.

"ఎక్కండి మేడమ్. అమీర్‌పేటనే కదా."

"మీటరు వేస్తేనే ఎక్కుతాను," అంది కుసుమకుమారి. ఎక్కి కూర్చుంది. "ముందే చెప్తున్నాను హనుమాండ్లూ. ఆ కెమెరా ఇప్పుడు ఊరికే వేలాడుతోంది. మళ్లీ ఎర్రలైటు దాటుతున్నారు. పసుపు సరిచేసి, ఏ కంపెనీకీ వాటా లేకుండా దాన్ని మళ్లీ పెట్టిస్తాను. రేపే అర్జీ పెడుతున్నాను."

హనుమాండ్లు గిర్రున వెనక్కి తిరిగాడు. "మళ్ల పెట్టిస్తరా? ఇంత జరిగినంక? ముందుగాల గుంతలు పూడ్పియ్యండి, లైను గీతలు గీయించండి, అప్పుడు పెట్టండి కెమెరా. ఆటోవోళ్లం అందరం రోడ్డు మీద కూసుంటం, చెప్తున్న!"

"కూర్చోండి. నేనూ ఎదురుగా కూర్చుంటాను."

"కూసోండ్రి! ఎవరు భయపడ్తరు?"

"గుంతల సంగతి కూడా అర్జీలో రాస్తాను. సంతకం పెడతావా?"

"గుంతలకైతే పెడ్త. కెమెరాకు పెట్ట."

రుద్రమ్మ నవ్వాపుకోలేక మెట్ల మీదే నిలబడిపోయింది. ఆటో గేటు దాటి లక్డీకాపూల్ వైపు మళ్లింది. ఇంజను మోతలోనూ ఆ ఇద్దరి గొంతులూ వినిపిస్తున్నాయి. ఒకరి మాట పూర్తికాకుండానే ఇంకొకరు అందుకుంటున్నారు.